ఎండ వచ్చి కూర్చుంటుంది

సోమవారం ఉదయం టైపిస్టమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆఫీసుకి అరగంట ముందు వెళ్ళాలి. ఎవరూ రాకముందే ఒక కవిత టైపు చేసుకోవాలి. ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని మధ్యాహ్నం అన్నం తింటూ ఒకసారి, సాయంత్రం బస్సులో ఒకసారి చదువుకోవాలి. రోజుకొకటి చొప్పున పది రోజులు. పదకొండో రోజు ఆడపడుచు ఎదురుగా కూర్చుని, "ఇదిగో, నాకు అర్థమైంది ఇదీ" అని చెప్పాలి.

ఈ పట్టుదలకి కారణం ఆదివారం నాటి మాట. పై వాటాలో ఉండే ఆడపడుచు కాలేజీలో సాహిత్యం పాఠాలు చెబుతుంది. ఆమె బల్ల మీద సన్నటి కవితల పుస్తకం ఒకటి కనిపిస్తే టైపిస్టమ్మ ఊరికే రెండు పేజీలు తిప్పింది. ఆడపడుచు నవ్వుతూ వచ్చి, చంటిపిల్ల చేతిలోంచి కత్తెర తీసుకున్నంత జాగ్రత్తగా ఆ పుస్తకం తీసేసుకుంది.

"ఇది ఆధునిక కవిత్వం వదినా. నీకు ఎక్కదులే. ఇందులో కథా ఉండదు, పాటా ఉండదు. కావాలంటే వారపత్రిక ఇస్తాను, ఈసారి వంటల పేజీ బాగుంది."

టైపిస్టమ్మకి ఒళ్ళు మండింది. "ఎక్కేదీ ఎక్కనిదీ నేను చెప్తాను. ఆ పుస్తకం ఇటివ్వు."

"తీసుకెళ్ళి ఏం చేస్తావ్?"

"చదువుతాను. పది రోజుల్లో ఒక్క కవితకైనా అర్థం చెప్పలేకపోతే, అప్పుడిద్దువుగాని నీ వారపత్రిక."

పుస్తకమైతే తెచ్చుకుంది కానీ ఆ సాయంత్రం ఎన్నిసార్లు చదివినా ఒక్క ముక్క దిగలేదు. అక్షరాలు తెలిసినవే. మాటలూ తెలిసినవే. మాటకీ మాటకీ మధ్యలో మాత్రం తనకి చెప్పకుండా ఏదో జరిగిపోతోంది. అప్పుడు తట్టింది ఆవిడకి. నీటి సరఫరా కార్యాలయంలో ఇరవై రెండేళ్ళుగా టైపు చేస్తోంది. ఏ కాగితమూ కళ్ళ ద్వారా ఆవిడ బుర్రలోకి వెళ్ళింది లేదు, వేళ్ళ ద్వారా వెళ్ళిందే. కాబట్టి కవితనీ టైపే చెయ్యాలి.

అలా సోమవారం తొమ్మిదిన్నరకే కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. దుమ్ము పడకూడదని ఆ గదిలోకి చెప్పులు రానివ్వరు. యంత్రం తెరవగానే ఎప్పటిలాగే ఉత్తర్వు నమూనా వచ్చింది: పైన కార్యాలయం పేరు, దాని కింద 'విషయం', అడుగున పెద్దసారు హోదా. ఇంటికి తీసుకెళ్ళే కాగితమేగా అని అవేవీ చెరపలేదు. కవిత పేరు 'విషయం' ఎదురుగా కొట్టింది. ఒక్కో వాక్యం పూర్తయినప్పుడల్లా యంత్రం తనంతట తానే అంకె వేసుకుంటూ పోయింది. అచ్చు తీస్తుండగా పక్క గదిలో ఫోను మోగింది. ఎవరూ లేరు కదా అని వెళ్ళి ఎత్తింది. పంపు ఆగిపోయిందని ఎవరో మొత్తుకుంటున్నారు. ఆ గొడవ రాసుకుని వచ్చేసరికి కాగితం లేదు.

కాగితం అటెండరు తీసుకెళ్ళాడు. రిటైరు కావడానికి ఏడాది మాత్రమే ఉన్న ఆ పెద్దమనిషి, ప్రింటరు మీద కాగితం అయిదు నిమిషాలు పడి ఉంటే చూడలేడు. శుక్రవారం నాటి పన్నెండు కాగితాలతో కలిపి దాన్ని పెద్దసారు ముందు పెట్టాడు. పెద్దసారు ఫోనులో ఎవరినో కేకలేస్తూ, అటెండరు వేలు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం చేస్తూ పోయారు. పదకొండింటికి దానికి నంబరు పడింది. పదకొండుంబావుకి నోటీసు బోర్డు ఎక్కింది.

విషయం: కిటికీ.
1. కిటికీ పక్క కుర్చీ ఇవాళ్టి నుంచి ఖాళీ.
2. ఎండ వచ్చి కూర్చుంటుంది, ఎవరూ లేపకండి.
3. తలుపులు లెక్కపెట్టినవాడికి గోడ సంగతి తెలియదు.
4. నీళ్ళు నా పేరు అడిగాయి, నేను చెప్పలేదు.
5. వెళ్ళినవాళ్ళ చెప్పులు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి.

పోయిన కాగితం కోసం టైపిస్టమ్మ బల్లల కింద, చెత్తబుట్టలో వెతికి వెతికి, మధ్యాహ్నం డబ్బా పట్టుకుని బయటికి వచ్చేసరికి బోర్డు ముందు ముప్పై మంది ఉన్నారు. జీతాల పెంపు ఉత్తర్వు వచ్చిన రోజున కూడా అంతమంది లేరు.

అందరికంటే ముందు హెడ్ గుమాస్తా ఉన్నాడు. ఆ ఆఫీసులో కిటికీ పక్క కుర్చీ ఒక్కటే, కంప్యూటర్ గదిలో టైపిస్టమ్మకి ఎదురుగా ఉండేది. అది పందొమ్మిదేళ్ళుగా ఆయనదే.

"ఇవాళ్టి నుంచి ఖాళీ అంట! ఒక్క రోజు గడువైనా ఇవ్వలేదు. నేనేం తప్పు చేశానండీ?"

"మీ సంగతి తర్వాత. ముందు ఎండ వచ్చి కూర్చోవడమేంటో తేల్చండి" అంది కార్యదర్శి మేడమ్. ఫిర్యాదుల విభాగం చూసేది ఆవిడే, ఉద్యోగుల సంఘం నడిపేదీ ఆవిడే. కళ్ళజోడు సవరించుకుని రెండో వాక్యం మూడుసార్లు చదివింది. "ఇది ఎండ కాదు. ఎం.డి. టైపులో గుడి ఎగిరిపోయింది. ఎం.డి. వచ్చి కూర్చుంటుంది!"

గుంపంతా బోర్డుకి ఇంకాస్త దగ్గరికి జరిగింది. సంస్థకి కొత్తగా వచ్చిన ఎం.డి. ఆడమనిషి. ఇంతవరకూ ఆవిడని ఎవరూ చూడలేదు.

"మరి కూర్చుంటారు అని ఉండాలిగా?" అన్నాడు స్టోర్ కీపరు.

"పెద్దసారుకి ఆవిడంటే గిట్టదు. అందుకే అలా రాశారు" అని కార్యదర్శి మేడమ్ క్షణంలో తేల్చేసింది.

టైపిస్టమ్మ డబ్బా చంకలో పెట్టుకుంది. ఎలాగో జనాన్ని తోసుకుంటూ హెడ్ గుమాస్తా దగ్గరికి చేరింది. "అయ్యా, కంగారు పడకండి. అది ఉత్తర్వు కాదు. కవిత."

"కవితా?" హెడ్ గుమాస్తా వెనక్కి తిరిగి అందరికీ వినబడేలా అరిచాడు. "ఎం.డి. గారి పేరు కవిత అంట! టైపిస్టమ్మకి తెలుసంట!"

ఇక ఆవిడ మాట వినేవాళ్ళు లేరు. మేడమ్ ఎలాంటిదో చెప్పమని ఇటు నలుగురూ, మీకేం చుట్టరికమని అటు నలుగురూ చేరారు. కవిత అంటే మనిషి కాదు, పుస్తకంలో ఉండేదని మొత్తుకుంటే, "పుస్తకాలు కూడా రాసిందా ఆవిడ!" అని ఎవరో నోరు వెళ్ళబెట్టారు. చివరికి అటెండరుని పక్కకి పిలిచి, ఆ కాగితం చించెయ్యమని బతిమాలింది.

"చించకూడదమ్మా. నంబరు పడింది" అన్నాడాయన, ప్రాణం ఉన్నదాని గురించి చెబుతున్నట్టుగా.

మూడింటికల్లా ఉత్తర్వు తన పని తాను చేసుకుపోవడం మొదలుపెట్టింది. నాలుగో వాక్యం తమ గురించేనని ఫిర్యాదుల విభాగం గ్రహించింది. నీళ్ళ కోసం ఫోను చేసినవాళ్ళు 'మీ పేరేంటండీ' అని అడిగితే అక్కడెవరూ ఏనాడూ చెప్పింది లేదు. ఇప్పుడు ఫోనెత్తగానే పేరు, హోదా, బల్ల నంబరు చెప్పేస్తున్నారు. ఒకావిడ గుక్క తిప్పుకోకుండా ఇంటిపేరు కూడా చెప్పేసరికి అవతలివాళ్ళు భయపడి ఫోను పెట్టేశారు.

అయిదో వాక్యం ఇంకా గట్టిగా తగిలింది. హాజరు వేసేది కంప్యూటర్ గదిలోనే కాబట్టి, కొందరు పాత చెప్పుల జత ఒకటి ఆ గుమ్మంలో శాశ్వతంగా ఉంచేసి, మనిషి లోపలే ఉన్నాడనిపించి, రెండింటికే ఇంటికి పోతుంటారు. ఆ సాయంత్రం అయిదు కాకముందే గుమ్మంలోంచి పదకొండు జతలు మాయమయ్యాయి. ఎవరు తీశారో ఎవరూ చూడలేదు.

స్టోర్ కీపరు మాత్రం తట్టుకోలేకపోయాడు. కిందటి నెలంతా అతను గిడ్డంగిలోని పాత తలుపులు లెక్కపెట్టి జాబితా రాశాడు. నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, గోడ సంగతి మీకెవరు చెప్పారో నేనడగను. కిందటి వానాకాలంలోనే కూలింది. పైపులు అడ్డం పెట్టి దాచాను. నా తప్పే."

"ఏ గోడయ్యా?"

"మీరే రాశారుగా సార్, మూడో అంశంలో."

పెద్దసారు ఉత్తర్వు ప్రతి తెప్పించుకున్నారు. తన సంతకం కింద తన హోదా చూసుకున్నారు. సంతకం పైన ఉన్నది మొదటిసారి చదివారు. మళ్ళీ చదివారు. నుదురు తుడుచుకున్నారు. ఇది పైనుంచి వచ్చిందే అయ్యుంటుంది, ఎవరైనా అడిగితే చదవకుండా పెట్టానని చెప్పగలనా? "అవునవును, నాకన్నీ తెలుసు. వెళ్ళి గోడ కట్టించు" అని స్టోర్ కీపరుని పంపేసి, కిటికీ పక్క కుర్చీ శుభ్రం చేయించమని అటెండరుకి చెప్పారు.

దాంతో పుకారుకి ప్రభుత్వ ముద్ర పడ్డట్టయింది. హెడ్ గుమాస్తా బల్లనీ ఫైళ్ళనీ వరండాలోకి మోశారు. కిటికీ అంచు మీద నిలువెత్తు పేర్చి ఉన్న కట్టలు కూడా దించారు. కుర్చీకి కొత్త గుడ్డ తొడిగారు. ఆ తర్వాత అందరూ ఎం.డి. కంట్లో పడకూడదని తమ తమ సీట్లకి పోయి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ పనిచేయనంత శ్రద్ధగా పనిచేయసాగారు. గదిలో మిగిలింది ఇద్దరే. కుర్చీకి ఎదురుగా ఉన్న సీటు కావడంతో టైపిస్టమ్మ, ఎక్కడికి పోవాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయిన హెడ్ గుమాస్తా.

నాలుగు కావస్తోంది. ఖాళీ కిటికీలోంచి ఎండ మెల్లగా నేల మీదికి దిగింది. నేల మీంచి కుర్చీ కాలు పట్టుకుని ఎక్కింది. కొత్త గుడ్డ మీద సర్దుకుని కూర్చుంది. టైపిస్టమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

హెడ్ గుమాస్తా కూడా చూస్తున్నాడు.

"పందొమ్మిదేళ్ళు కూర్చున్నానమ్మా అక్కడ. ఎండ పడుతుందని నాకు తెలియనే తెలియదు. నా వీపే అడ్డం కదా."

పొద్దున టైపిస్టమ్మ వేళ్ళ ద్వారా లోపలికి వెళ్ళిన వాక్యం ఇప్పుడు నెమ్మదిగా తలుపు తెరిచినట్టుంది. ఎవరో లేచి వెళ్ళిపోయారు. వాళ్ళు ఉన్నంతకాలం కనిపించని వెలుగు వాళ్ళ చోట్లో కూర్చుంది. సంతోషమా అంటే కాదు, బాధా అంటే అదీ కాదు. ఎవరూ లేపకండి అని కవి ఎందుకన్నాడో ఆవిడకి తెలిసిపోయింది. ఎందుకంటే, హెడ్ గుమాస్తా ఆ కుర్చీలో కూర్చోబోతే తనే ఆ మాట అని ఉండేది.

ఆ కాగితం చించమని ఇంకెవరినీ అడగకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి ఆడపడుచు మెట్ల మీదే ఎదురైంది. "ఏం వదినా, మొదటి రోజు ఎలా ఉంది? ఒక్కటైనా అర్థమైందా?"

"ఒకటైంది. కిటికీ పక్క కుర్చీది."

"ఓ, అదా! చాలా కష్టమైనదే పట్టుకున్నావ్. అందులో ఎండ అనేది శూన్యానికి ప్రతీక. ఉనికి లేమిని..."

"కాదు. ఎండే."

"అది పైకి కనిపించే అర్థం వదినా. లోపల..."

"లోపల కూడా ఎండే. నేను చూశాను" అని టైపిస్టమ్మ లోపలికి నడిచింది. ఆడపడుచు ఒక మెట్టు దిగి, మళ్ళీ ఎక్కి, ఆ పుస్తకం తనకి ఓసారి కావాలని మెల్లగా అడిగింది. "తొమ్మిది రోజులు ఆగు" అని లోపల్నుంచి జవాబు వచ్చింది.

మంగళవారం పొద్దున ఆఫీసు అద్దంలా ఉంది. అందరూ వేళకి వచ్చారు. పదకొండయినా ఎం.డి. రాలేదు. పన్నెండయింది. ఇక ఆగలేక పెద్దసారు తలుపు వేసుకుని ఎం.డి. కార్యాలయానికి ఫోను చేశారు.

"మేడమ్ గారు బయల్దేరారాండీ?"

"ఎక్కడికి?" అన్నారు అవతల.

"మా కిటికీ పక్కకి."

వాళ్ళు ఆయన పేరు, హోదా, ఆరోగ్యం ఎలా ఉందో అడిగి రాసుకున్నారు. మేడమ్ గారు నెల రోజులుగా సెలవులో ఉన్నారని చెప్పి పెట్టేశారు.

అటెండరుని గద్దించి అడిగితే పది నిమిషాల్లో పెద్దసారుకి విషయం మొత్తం తెలిసిపోయింది. టైపిస్టమ్మని పిలిపించారు. పెద్దసారు ముందు తెల్ల కాగితం, కలం సిద్ధంగా ఉన్నాయి.

"ఇది నువ్వు టైపు చేసిందేనా?"

"నేనేనండి. ఆఫీసు వేళకి ముందు, నా కోసం. ఆఫీసు కాగితం ఒకటి వాడాను, అది తప్పే. దాని బదులు ఇంకోటి తెచ్చిచ్చేస్తాను."

"కాగితం గొడవ కాదమ్మా! నా పరువు గొడవ. సంజాయిషీ రాయి. నిర్లక్ష్యం వల్ల టైపులో పొరపాటు జరిగింది, క్షమించండి అని. లేకపోతే తాఖీదు ఇవ్వాల్సి వస్తుంది. సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఆలోచించుకో."

టైపిస్టమ్మ తన సర్వీసు పుస్తకం తలుచుకుంది. ఇరవై రెండేళ్ళలో అందులో ఒక్క మచ్చ లేదు. కానీ కలం మాత్రం ముట్టుకోలేదు.

"అందులో పొరపాటు లేదు సార్. ఒక్క అక్షరం తప్పు పోలేదు, కావాలంటే పుస్తకం తెస్తాను. ఎగిరిపోయిన గుడి ఏదీ లేదు. నేను రాయను."

"రాయవా?"

"రాయను. నేను టైపు చేశాను, చదివాను. మీరు సంతకం పెట్టారు, చదవలేదు. మనిద్దరిలో సంజాయిషీ ఎవరు రాయాలో మీరే చెప్పండి. తాఖీదు ఇస్తే ఇవ్వండి. దాన్ని కూడా నేనే టైపు చేస్తాను."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. తాఖీదు ఇస్తే విచారణ జరుగుతుంది. విచారణ జరిగితే మొదట అడిగేది సంతకం గురించే. గొంతు తగ్గించారు.

"పోనీ, ఆ కవితకి అర్థమేంటో ఒక్క వాక్యంలో చెప్పు."

"ఒక్క వాక్యంలో చెప్పేదైతే ఆయన అయిదు వాక్యాలు ఎందుకు రాస్తాడు సార్? సాయంత్రం నాలుగింటికి మా గదికి రండి. చూపిస్తాను."

పెద్దసారు నాలుగింటికి వెళ్ళలేదు. ఉత్తర్వు రద్దు చేసే పనిలో ఉన్నారు. చదవకుండా సంతకం పెట్టానని తేలకూడదు, పెట్టిన ఉత్తర్వు నిలవకూడదు, గోడ మాత్రం లేవాలి. ఈ మూడూ ఒకే కాగితంలో ఇమడ్చడానికి మూడు గంటలు పట్టింది. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపిస్టమ్మ అక్షరం పొల్లుపోకుండా కొట్టిపెట్టింది. ఈసారి ఆయన సంతకం పెట్టేముందు రెండుసార్లు చదివారు.

"సూచిక ఒకటిలో ఉదహరించిన ఉత్తర్వులోని అంశములు ఉత్తర్వులు కానందున, అవి ఉత్తర్వులుగా భావింపబడక పూర్వము ఏ స్థితిలో ఉండెనో ఆ స్థితిలోనే ఉన్నట్లు భావింపవలెను. అట్లు భావించినట్లు భావింపనివారు తాము భావింపలేదని భావించుటకు గల కారణములు తెలుపవలెను. గోడకు ఇది వర్తింపదు."

అది కూడా బోర్డు ఎక్కింది, కవిత పక్కనే. మొదటి దానికి నంబరు పడింది కాబట్టి తీసెయ్యడానికి అటెండరు ససేమిరా అన్నాడు. పెద్దసారు అందరినీ బోర్డు దగ్గరికి పిలిచారు.

"చూడండి. వీటిలో ఒకటి ఉత్తర్వు. రెండోది ఉత్తి కవిత, పొరపాటున ఎక్కింది. దాని గురించి ఎవరూ బుర్ర పాడుచేసుకోకండి" అని చెప్పి, ఏది ఏదో చెప్పే లోపల ఫోను వస్తే గదిలోకి వెళ్ళిపోయారు.

గుంపు రెండు కాగితాల వంకా మార్చి మార్చి చూసింది.

"కవిత్వమంటే మనకి అర్థం కాదుగా?" అన్నాడు స్టోర్ కీపరు.

"కాదు. ఆధునిక కవిత్వమైతే అసలే కాదు" అంది కార్యదర్శి మేడమ్. "ఈ మొదటిది మనందరికీ ముక్క ముక్కా అర్థమైంది. చెప్పులు తీశాం, పేర్లు చెప్పాం, గోడ ఒప్పుకున్నాం. అది కవిత ఎలా అవుతుంది?"

"అయితే..." అని హెడ్ గుమాస్తా రెండో కాగితం వైపు వేలు చూపించాడు.

అందరూ దాని ముందుకి జరిగారు. కార్యదర్శి మేడమ్ పైకి చదివింది. "భావించినట్లు భావింపనివారు..." అన్నచోట గొంతు కాస్త వణికింది. ఎవరూ కదల్లేదు. చివర్లో "గోడకు ఇది వర్తింపదు" అనగానే స్టోర్ కీపరు కళ్ళు ఒత్తుకున్నాడు.

"మనకి అందదు కానీ, ఏదో ఉందండీ అందులో" అన్నాడు హెడ్ గుమాస్తా. "ఇన్నాళ్ళూ పెద్దసారుని తక్కువ అంచనా వేశాం."

టైపిస్టమ్మ ఏది కవితో చెప్పబోయి మానుకుంది. వాళ్ళకి ఏం ఎక్కుతుందో ఏం ఎక్కదో చెప్పడానికి తనెవరు? వెళ్ళి తన సీట్లో కూర్చుని, పుస్తకం తెరిచి రెండో కవిత కొట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. మొదటి ఉత్తర్వు ఇంకా అమల్లో ఉందని హెడ్ గుమాస్తా తన బల్ల వరండాలోనే ఉంచేసుకున్నాడు.

మర్నాడు పెద్దసారు ఆ రద్దుకి సవరణ జారీ చేశారు; రద్దులో ఉన్నంత బిగువు ఇందులో లేదని అందరూ పెదవి విరిచారు.